పావురం పాలు

జువాలజీ డిపార్ట్‌మెంటులో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. కత్తెర అంటారు. పావురాన్ని బల్ల మీద వెల్లకిలా పరిచి, గొంతు కింద ఈకల్ని తడిదూదితో అటూ ఇటూ దువ్వి, చర్మం మీద ఒక్క గీత గీశాడంటే లోపలి మేతసంచికి గాటు తగలదు. పిట్ట మింగిన గింజలు ముందుగా చేరేది ఆ సంచిలోకే. మామూలు రోజుల్లో దాని పొర ఉల్లిపొర కన్నా పల్చన. కొత్తగా చేరినవాళ్ళు దాన్ని చించి, నాలుక కరుచుకుని పక్కకు తప్పుకుంటారు. అప్పుడు కత్తెరని పిలుస్తారు.

బిడ్డ పుట్టిన మర్నాడు కూడా అతను పనికి వచ్చాడు. గుమాస్తా కళ్ళద్దాల పైనుంచి చూశాడు.

"ఇంట్లో కానుపు అన్నారు. నువ్వేమిటయ్యా ఇక్కడ?"

"నెలలు నిండకుండా పుట్టిందండి. గాజు పెట్టెలో పెట్టారు. నేనుండి చేసేదేముంది?"

"ఆడపిల్లా?"

"ఆడపిల్లే."

"మంచిది" అన్నాడు గుమాస్తా. ఆ మాట సరిపోలేదని ఆయనకే అనిపించినట్టుంది, టేబులు మీద కాగితాలు అటువి ఇటు సర్దాడు.

కత్తెర పావురాల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అక్కడైతే ఎవరూ ఏమీ అడగరు. రెట్టల పళ్ళేలు ఒక్కొక్కటే లాగి గీకాడు. నీళ్ళ గిన్నెలు బోర్లించి, వేలితో అంచులు రుద్ది కడిగాడు. గింజలు పోస్తుంటే పిట్టలు చువ్వల్లోంచి మెడలు చాచాయి. గది నిండా ఒకటే గువగువ.

ఈసారి ప్రయోగం రీసెర్చి చేస్తున్న అమ్మాయిది. పావురాల్లో గుడ్ల మీద ఆడదీ కూర్చుంటుంది, మగదీ కూర్చుంటుంది. పిల్లలు బయటికొచ్చే వేళకి రెండింటి మేతసంచులూ మందమెక్కి, లోపల విరిగిన పెరుగులాంటి తెల్లటి ముద్ద తయారవుతుంది. పావురం పాలంటే అవే. తల్లితో పాటు తండ్రీ ఇస్తాడు. మెదడు అడుగున ఉండే చిన్న గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోను రక్తంలోకి దిగితే గాని అది జరగదు. ఆ హార్మోనుని మగదానిలో ఏది కదిలిస్తుందన్నదే అమ్మాయి ప్రశ్న. పొదుగుడు సగంలో ఉండగా మగవాటిని గూళ్ళలోంచి తీసి పక్క అరల్లో పెట్టించింది. కొన్ని అరలకి మధ్యలో గాజు పలక. అవతల ఆడది గుడ్ల మీద కూర్చుని ఉండటం కనపడుతుంది, దగ్గరికి పోవటానికి మాత్రం దారి లేదు. కొన్నిటికి గాజుకు బదులు చెక్క. ఇంకొన్నిటికి గాజే, కానీ ప్రొలాక్టిన్‌ని అణిచే మాత్రని నూరి, నీళ్ళలో కలిపి రోజూ ముక్కులో పోస్తారు. మాత్ర నూరేది కత్తెరే.

అమ్మాయి వచ్చి పక్కన నిలబడింది.

"అన్నా, పాప ఎలా ఉంది?"

"బాగానే ఉంది మేడమ్."

"వదినో?"

"బాగానే ఉంది."

చెక్క అడ్డున్న అరలోని పావురం మేత తిని, నీళ్ళు తాగి, మూలకు పోయి ఒంటికాలి మీద నిలబడింది. దానికి ఏ లోటూ ఉన్నట్టు లేదు. కత్తెర దాని పళ్ళెం తోసి, పక్క అరలోకి చెయ్యి పెట్టాడు.

*

ఆసుపత్రిలో తల్లుల వార్డు ముందు భవనం, పిల్లల వార్డు వెనక భవనం. మధ్యలో సిమెంటు ఆవరణ. అందులో ఆగి ఉన్న అంబులెన్సులు, తీగల మీద ఆరేసిన ఆకుపచ్చ దుప్పట్లు. పని నుంచి నేరుగా వచ్చి కత్తెర ముందు వెనక భవనానికే వెళ్ళేవాడు.

వరండాలో పెద్ద అద్దం. అద్దం అవతల వరసగా పెట్టెలు. కిటికీ వైపుది అతని కూతురిది. ఇంతా చేస్తే అరచేతిలో ఇమిడేంత మనిషి. ముక్కులోంచి సన్నటి గొట్టం. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం లోపలికి పోయి వస్తోంది. చిన్న ప్రాణుల ఊపిరి అతనికి కొత్త కాదు, చేత్తో పట్టుకుని చూసినవాడే. అయినా అద్దానికి నుదురు ఆనించి, ప్రతి ఊపిరికీ తర్వాతది వస్తుందా అని చూస్తూ ఉండిపోయేవాడు. వెనకనుంచి ఎవరో జరగమంటే జరిగి, వాళ్ళు పోగానే మళ్ళీ వచ్చేవాడు.

పెద్ద సిస్టరు తలుపు ఓరగా తీసింది.

"పాలు తెచ్చారా?"

జేబులోంచి చిన్న సీసా తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని వెలుతురుకి ఎత్తి చూసింది. అడుగు తడిసిందంతే.

"ఇవి గొట్టానికే అంటుకుపోతాయి బాబూ. పొడిపాలు పడటం లేదు దీనికి. పొట్ట ఉబ్బుతోంది. అమ్మని ఒకసారి తీసుకురండి, చక్రాల కుర్చీ కిందే ఉంటుంది."

"ఆవిడకి బీపీ ఎక్కువగా ఉంది సిస్టర్."

"ఇంకానా?"

"ఇంకా."

బీపీ అంతకు ముందు రోజే దిగింది. ఆ సంగతి తల్లుల వార్డులో రాసి ఉంది గాని, ఈ భవనంలో ఎవరికీ తెలియదు.

ఆవరణ దాటి ముందు భవనానికి వచ్చాడు. భార్య గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పక్కన స్టూలు మీద అతని అక్క, ఒళ్ళో తువాలు మడత పెట్టుకుంటూ.

"బాగుంది" అన్నాడు, ఎవరూ అడక్కుండానే. "నిద్రపోతోంది. తల్లుల్ని మాత్రం లోపలికి రానివ్వటం లేదు. జబ్బులు అంటుతాయట."

భార్య ఇటు తిరిగింది. అతని ముఖం చూసింది, చొక్కా చూసింది.

"బయట వాన పడుతోందా? భుజం తడిసింది."

"కాస్త తుంపర."

"గొడుగు తలుపు వెనకాలే ఉంటుంది ఇంట్లో. తీసుకెళ్ళండి రేపు."

అంతే. మళ్ళీ గోడ వైపు తిరిగింది. అక్క కళ్ళతో సైగ చేసి తమ్ముణ్ణి వరండాలోకి లాక్కుపోయింది.

"చూశావా? బిడ్డ ఊసే ఎత్తదు. పిండమంటే పిండుతుంది, ఎటో చూస్తూ. ఏదో పనిమనిషి పని చేసినట్టు. పాలెలా పడతాయిరా అలాగైతే? మనసులో ఉండాలి."

"నీరసంగా ఉంది అక్కా."

"నేను కన్లేదా? నాకు లేదా నీరసం?" అక్క గొంతు తగ్గించింది. "అయినా మంచిదేలే. చూస్తానని పట్టుపట్టలేదు. పోయినసారి ఏమైందో మర్చిపోయావా? బిడ్డని చేతిలో పెట్టిన దగ్గర్నుంచి ఎన్ని నెలలు గోడకేసి చూస్తూ కూర్చుంది? అన్నం ముద్ద నోట్లో పెడితే నమిలేది కాదు. ఈ పిల్ల నిలబడుతుందో లేదో తేలనీ. అప్పుడు చూపిద్దాం."

అది ఇద్దరూ కలిసి అనుకున్న మాట. బిడ్డని వెనక భవనానికి తీసుకుపోయిన రోజే, ఈ వరండాలోనే, ఈ స్తంభం పక్కనే నిలబడి అనుకున్నారు. పిల్లల వార్డు డాక్టరమ్మతో కూడా అతనే చెప్పాడు, మా ఆవిడ తట్టుకోలేదండీ అని. ఆవిడ రాస్తూ రాస్తూ తలెత్తి, "బీపీ తగ్గేదాకా ఆగండి, తగ్గాక మాత్రం తీసుకురండి" అంది. మొదటి సగం పట్టుకుని రెండో సగం వదిలేశాడు.

*

తర్వాతి రోజులన్నీ ఇలాగే నడిచాయి. పొద్దున పావురాలు, సాయంత్రం అద్దం, ఆ తర్వాత గోడవైపు తిరిగిన వీపు. పాప పొట్ట ఒక రోజు తగ్గేది, మర్నాడు మళ్ళీ బిగిసేది. పొడిపాలు ఆపి, సూదిలోంచి ఏదో ఎక్కించారు. అది వట్టి నీళ్ళలా కనపడేది.

డాక్టరమ్మ వరండాలో ఎదురైంది. నడుస్తూనే మాట్లాడింది.

"తల్లిపాలు కావాలండీ. మందుకన్నా అవి ముఖ్యం ఇప్పుడు. రోజుకి నాలుగు చెంచాలు వచ్చినా చాలు. ఎందుకు రావటం లేదు?"

"ఏమోనండి."

"బిడ్డని ఎత్తుకుంటే వస్తాయి. తీసుకొస్తున్నారా?"

"తీసుకొస్తానండి."

ఆవిడ అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు భార్య దగ్గర కూర్చుని అతను ఆ మాటే చెప్పబోయాడు. ఆమె దిండు మీద తల వాల్చి, మెడ మీద చెమట తుడుచుకుంటోంది. ఆ మెడ ఎంత సన్నబడిపోయిందో అప్పుడు చూశాడు. మాట వెనక్కి పోయింది. బదులుగా సీసా అందించాడు. ఆమె లేచి, దుప్పటి భుజాల మీదుగా కప్పుకుని, కిటికీ చువ్వల వంక చూస్తూ పిండింది. ఎంత నొక్కినా రెండు చుక్కలు. సీసాకి మూత బిగించి అతని చేతిలో పెట్టి, పైటతో చెయ్యి తుడుచుకుంది.

"చాలా?" అని అడిగింది.

"చాలు" అన్నాడు.

*

గుడ్లు చిట్లే రోజు దగ్గరపడింది. ఆ పొద్దున రీసెర్చి అమ్మాయి త్రాసు తుడిచి, సీసాల్లో ఫార్మలిన్ పోసి సిద్ధంగా కూర్చుంది. కత్తెర పిట్టల్ని ఒక్కొక్కటిగా మత్తు పెట్టెలోకి దింపాడు. రెక్కలు రెండుమూడు సార్లు కొట్టుకుని, తర్వాత కాళ్ళు సడలేవి. ఊపిరి ఆగిందని వేలు పెట్టి చూసుకున్నాకే బయటికి తీసేవాడు. ఆ ఒక్క విషయంలో అతను ఎవర్నీ తొందరపెట్టనివ్వడు.

మొదటిది గాజు వెనకది. చర్మం తెరవగానే సంచి రెండు పక్కలా ఉబ్బి ఉంది. తడిసిన దుప్పటి మడతల్లా మందంగా, తెల్లగా. అంచుని పట్టకారుతో నొక్కితే పాలపలుకులు పైకి తేలాయి. అమ్మాయి వంగి చూసి, ఊపిరి బిగబట్టి, త్రాసు పళ్ళెం ముందుకు జరిపింది.

"ఒక్కసారి కూడా గుడ్డుని తాకలేదు అన్నా వీడు, విడదీసినప్పట్నుంచి. చూశాడంతే."

తర్వాతిది చెక్క వెనకది. సంచి పల్చగా ఉంది, లోపలి గింజల రంగు బయటికి కనపడేంత పల్చగా. ఆ తర్వాతది గాజు వెనకదే కాని మాత్ర పడ్డది. అదీ అంతే, పల్చన. చూపు ఉన్నా హార్మోను లేదు. అమ్మాయి తల ఊపుతూ రాసుకుంటోంది. కత్తెర మళ్ళీ చెక్క వెనకవాటిలో ఒకదాన్ని బల్ల మీద పరిచాడు. ఈకలు తడిపి దువ్వాడు. చేతిలోకి కత్తెర తీసుకుని ఆగాడు.

"మేడమ్, ఇది కూడా తండ్రే కదా?"

"తండ్రే."

"అవతలి గూట్లో గుడ్లున్నాయి. అన్నీ ఉన్నాయి."

"ఉన్నాయి. దానికి తెలీదు కదన్నా. గూడు పోయింది, గుడ్లు పోయాయి, అంతా అయిపోయిందనుకుంటుంది దాని ఒళ్ళు. ఇంక పాలెందుకు?"

అతను పిట్ట మెడ మీద ఈకల్ని ఇంకోసారి తడిపి దువ్వాడు.

"మనుషుల్లో కూడా ఇంతేనా?"

అమ్మాయి కలం కింద పెట్టింది. "అలా అనేయకూడదన్నా. మనుషుల్లో కానుపవగానే పాలు మొదలయ్యే పద్ధతి వేరు. బిడ్డని చూడకపోయినా మొదలవుతాయి. కానీ నిలవాలంటే బిడ్డ కావాలి. ఎత్తుకోవాలి, ఏడుపు వినాలి. బెంగ పెట్టుకుంటే ఉన్నవి కూడా దిగవంటారు. ఎందుకడిగారు? వదిన పాపని ఎత్తుకుందా?"

"ఆఁ" అన్నాడు. "చూసింది."

అన్నాక చర్మం మీద గీత గీశాడు. చెయ్యి ఒరిగింది. పల్చటి పొర చిరిగి, తడిసిన గింజలు బొలబొలా బల్ల మీదికి దొర్లాయి. కత్తెర చేతిలో సంచి చిరగటం ఆ గదిలో ఎవరూ ఎరగరు. అమ్మాయి గింజల వంక చూసింది, అతని వంక చూసింది.

"మీరు వెళ్ళండన్నా. మిగతావి నేను చూస్తాను."

"మీకు రాదు మేడమ్. చింపుతారు."

"చింపితే చింపుతాను. వెళ్ళండి."

*

అతను మిట్టమధ్యాహ్నం వార్డులోకి రావటం చూసి అక్క స్టూలు మీంచి లేచి నిలబడింది. అతను చక్రాల కుర్చీ తోసుకుంటూ వస్తున్నాడు. ఒక చక్రం కీచుమంటోంది.

"ఏంట్రా ఇది?"

"పాప దగ్గరికి తీసుకెళ్తాను."

"మనం ఏమనుకున్నాం?"

"అనుకున్నాం. తప్పనుకున్నాం."

భార్య లేచి కూర్చుంది. కుర్చీ వంక చాలాసేపు చూసింది. ముఖంలో ఆదుర్దా లేదు, సంతోషం లేదు.

"ఇవాళ చూపిస్తారా?"

"ఆఁ. పద."

"దేంట్లో చుట్టారు?"

అతనికి అర్థం కాలేదు. "అంటే?"

"పోయినసారి తెల్లగుడ్డలో చుట్టారు. మొహం కూడా కనపడకుండా. నేనే విప్పుకున్నాను."

కత్తెర మంచం అంచు పట్టుకుని కూర్చున్నాడు. పక్క మంచం మీద ఎవరిదో బిడ్డ సన్నగా రాగం తీస్తోంది.

"నువ్వు... పాప పోయిందనుకుంటున్నావా?"

"పుట్టిన రోజే పోయింది" అంది ఆమె. అతన్ని ఓదారుస్తున్నట్టు మెల్లగా అంది. "మీరూ వదినా స్తంభం దగ్గర నిలబడి మాట్లాడుకున్నారు. వదిన కళ్ళు తుడుచుకుంది. పోయినసారి కూడా ఇలాగే బాగుంది, నిద్రపోతోంది అని రోజూ వచ్చి చెప్పారు. అప్పుడు నేను నమ్మాను. ఈసారి మీ అంతట మీరు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను."

"మరి పాలు... రోజూ పిండి ఇస్తున్నావు కదా?"

"మీరు అడుగుతున్నారు కదండీ. ఇస్తే మీకు కాస్త నెమ్మదిగా ఉంటుందని. ఆ మెట్ల కింద పారబోస్తున్నారనుకున్నాను."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అతను ఆమె వైపు జరిగాడు.

"ఉంది. పాప బతికే ఉంది. ఇప్పుడు కూడా చూసే వచ్చాను."

ఆమె నమ్మలేదు. నమ్మకపోవటం అతనికి స్పష్టంగా కనపడింది. అతని కళ్ళలోకి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు వెతికింది, దొరకలేదు. కుట్ల మీద చెయ్యి అదిమి పట్టుకుని కాళ్ళు కిందికి దింపింది.

"అమ్మాయీ, కళ్ళు తిరుగుతాయేమో, రేపు వెళ్దువు గానీ..." అంది అక్క.

"వదినా, ఆ చెప్పులు ఇటు అందించండి."

ఆవరణలో ఎండ. కుర్చీ చక్రం కీచుకీచుమంటూనే ఉంది. అక్క వెనకాలే వచ్చింది. వరండాలో అద్దం దగ్గర అతను కుర్చీ ఆపి వేలు చూపించాడు. ఆమె కుర్చీ చేతుల మీద బలం మోపి లేచి నిలబడింది.

"కదులుతోంది" అంది.

తలుపు తీసిన పెద్ద సిస్టరు ఆమెని తలనుంచి కాళ్ళదాకా చూసింది. "నువ్వేనా తల్లివి? బీపీ తగ్గిందా అమ్మా?"

"ఎప్పుడో తగ్గిందండి."

లోపలి నుంచి వస్తున్న డాక్టరమ్మ కూడా ఆగింది. "వచ్చారా? ఎన్నిసార్లు చెప్పాను ఈయనకి, తీసుకురమ్మని."

ఆమె భర్త వైపు తల తిప్పలేదు. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, సిస్టరు ఇచ్చిన గౌను తొడుక్కుని లోపలికి వెళ్ళింది. కుర్చీలో వెనక్కి వాలాక సిస్టరు గొట్టాలూ తీగలూ ఎత్తిపట్టి పాపని తెచ్చి, గౌను లోపల ఒంటికి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టింది. ఆమె రెండు చేతులూ దాని వీపు మీద కప్పింది. చేతుల కింద ఇంక పాప కనపడలేదు.

కత్తెర అద్దం ఇవతలే నిలబడ్డాడు. లోపల ఆమె పెదవులు కదులుతున్నాయి. ఏం చెబుతోందో అతనికి వినపడలేదు.

*

మర్నాడు పొద్దుటికి ఆమె జాకెట్టు పాలతో తడిసిపోయింది. చూడటం వల్ల వచ్చాయో, వాటి వేళకి అవి వచ్చాయో ఎవరూ తేల్చి చెప్పలేదు. అక్క సీసా నిండటం చూసి, మూత పెట్టి, రెండు చేతులా పట్టుకుని బయల్దేరింది.

"నేను తీసుకెళ్తా అక్కా."

"నీ చేతికివ్వను. ఒక్క చుక్క ఒలికిందంటే నీ పీక నొక్కుతాను. జరుగు."

ఆవరణలో అంబులెన్సు వెనక్కి వస్తుంటే దాని డ్రైవరు మీద కేకలేసి, బండిని ఆపించి మరీ దాటింది. ఆ రోజు నుంచి ఆ సీసా మోసే పని ఎవరికీ ఇవ్వలేదు.

పాప పొట్ట మెత్తబడింది. గొట్టంలోంచి పాలు నిదానంగా దిగుతుంటే ఆమె ఆ గొట్టం వంకే చూస్తూ కూర్చునేది. పగలంతా అక్కడే. సిస్టరు పోపొమ్మంటే వార్డుకి వచ్చి, అన్నం తిని, మళ్ళీ వెళ్ళేది. ఇప్పుడు గోడకి బదులు మనుషుల వంక చూస్తోంది. మాటలూ ఉన్నాయి, అక్కతో, సిస్టరుతో, పక్క మంచం ఆవిడతో. భర్తతో మాత్రం అవసరానికే. గొడుగు తెచ్చారా. తువాలు తీసుకెళ్ళండి. అంతవరకే. అతను ఆ అంతవరకూ తీసుకుని ఊరుకున్నాడు.

డాక్టరమ్మ ఒకసారి ఆగి, "ఇలాగే ఉంటే ఫరవాలేదు" అంది. అక్క ఆ మాట వార్డులో కనపడ్డ ప్రతివాళ్ళకీ చెప్పింది.

ఇలాగే ఉండలేదు. ఒక పొద్దున పాప రంగు మారింది. రక్తంలో విషం చేరిందన్నారు, ఇంత చిన్నవాళ్ళలో ఎటునుంచి వస్తుందో చెప్పలేమన్నారు. మందు మార్చారు, మళ్ళీ మార్చారు. పాలు ఆపేశారు. మధ్యాహ్నానికి సిస్టరు ఆమెని పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, తీగలు ఒక్కొక్కటీ విప్పి, పాపని ఎప్పటిలా గౌను లోపల పడుకోబెట్టింది. ఈసారి కత్తెరని కూడా లోపలికి రమ్మంది.

వేలు పెట్టి చూడనవసరం లేకుండానే అతనికి తెలిసింది. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయాడు. చేతుల్లో తల పెట్టుకుని, వచ్చే శబ్దాన్ని ఆపుకోలేకపోయాడు. ఇద్దరు నర్సులు వచ్చి లేపబోయారు. ఆమె తట్టుకోలేదని ఇన్నాళ్ళూ చెప్పింది అతనే.

"ఆయన్ని కాసేపు వదిలెయ్యండి" అంది ఆమె. "ఒక దుప్పటి ఇవ్వండి సిస్టర్. తెల్లది వద్దు."

పసుపుపచ్చది తెచ్చి ఇచ్చారు. ఆమే చుట్టింది. మొహం కప్పలేదు.

*

ఇంటికి వచ్చాక కూడా పాలు ఆగలేదు. ఇంట్లో ఏదన్నా చప్పుడైతే చాలు, వంటింట్లో గిన్నె జారినా, కింద వీధిలో ఎవరి పిల్ల ఏడ్చినా, ఆమె జాకెట్టు తడిసేది. ఆమె ఏమీ అనకుండా వెళ్ళి మార్చుకుని వచ్చేది. అక్క వాటిని ఉతికి, పిండి, తీగ మీద వేస్తూ వేస్తూ ఒకసారి ఆగిపోయింది.

"నేనే చెప్పొద్దన్నాను. వాడు కాదు" అంది, తడిబట్ట చేతిలో ఉండగానే.

"తెలుసు వదినా. ఆయన సరే అన్నారు కదా."

ఆ సాయంత్రం కత్తెర పని నుంచి వచ్చేసరికి ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. పాలు ఆగటానికి ఆసుపత్రివాళ్ళు ఇచ్చిన మాత్రల రేకు చేతిలో ఉంది. విప్పలేదు. అతను చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఆమె రేకు అతనికి చూపించింది.

"ఇది మీరు నూరేదేనా? పిట్టలకి?"

వేరేదని చెప్పవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది.

"అదే" అన్నాడు.

"వాటికేమవుతుంది?"

"హార్మోను అణిగిపోతుంది. పాలు ఆగుతాయి. సంచి మళ్ళీ పల్చబడుతుంది. అసలు పాలు పడకముందు ఎలా ఉండేదో అలా అయిపోతుంది."

"నాకూ అంతేనా?"

"అంతే. ఒకటి రెండు రోజులు బరువుగా ఉంటుంది. తల తిరగొచ్చు. తర్వాత ఏమీ ఉండదు."

"ఏమీ ఉండదు" అంది ఆమె.

రేకుని కిటికీ గట్టు మీద పెట్టింది. కింద వీధిలో బస్సు ఒకటి ఆగి, మనుషుల్ని దింపి వెళ్ళింది. వాళ్ళ మాటలు దూరమయ్యేదాకా ఆమె కిందికే చూసింది.

"రేపు వేసుకుంటాను. మీరిలా కూర్చోండి."

అతను ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. చాలా రోజుల తర్వాత ఆమె అతని ముఖంలోకి నేరుగా చూసింది.

"నేను చూడని రోజులు మీ దగ్గరున్నాయి. అద్దం దగ్గర నిలబడి చూశారు కదా. అవి చెప్పండి నాకు. బాగుంది, నిద్రపోతోంది అని కాదు. మొదట్నుంచీ, ఏం చేస్తే అది."

అతను తలవంచుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు.

"మొదటి రోజు..." అన్నాడు. "మొదటి రోజు నేను వెళ్ళేసరికి నిద్రపోవటం లేదు. టోపీ పెట్టారు, అది దానికి పెద్దదైపోయింది. కళ్ళ మీదికి జారింది. సిస్టరు పైకి లాగితే మూతి ముడిచింది. కోపంగా."

"ఎలా?"

అతను ముడిచి చూపించాడు.

ఆమె ఆ మూతి వంక చూస్తూ ఉండిపోయింది. కాసేపటికి, "ఊఁ" అంది. "తర్వాత?"

"తర్వాత తుమ్మింది" అన్నాడు అతను.